విక్టర్ యూనిఫాం, ఆరో పంక్తికి మజ్జిగ

మొన్న ఫోన్లో చెప్పుల కోసం వెతుకుతుంటే వాకీటాకీల ప్రకటన వచ్చి పడింది. నేను కాళ్ళకు అడిగితే అది చేతులకు చూపించింది. సరేలే అని చదివాను. "ఫుల్ ఓపెన్ సెట్టు. అన్ని ఫ్రీక్వెన్సీలూ పట్టును. పెళ్ళిళ్ళకు, ఫ్యాక్టరీలకు, సెక్యూరిటీకి, కోళ్ళ ఫారాలకు." కింద ఒకాయన అయిదు నక్షత్రాలిచ్చి, "సూపర్, పోలీసోళ్ళ మాటలు కూడా వస్తాండాయి" అని తన పేరు, ఊరు, ఫొటోతో సహా రాసుకున్నాడు. నేరం ఒప్పుకోవడానికి ఇంత మర్యాదైన పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ ప్రకటన చూడగానే హిందూపురంలో మా పక్కింటి వైర్‌లెస్సత్త గుర్తొచ్చింది. ఆమె ఉండి ఉంటే ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, అంతా చదివి, కాసేపు ఆగి, "ఈ అయిదు నక్షత్రాలిచ్చినోనికి జైలు యాడ దగ్గిరో కనుక్కో నాయనా, పాపం దూరమైతే ఇంట్లోవాళ్ళకు కష్టం" అని తిరిగిచ్చేది.

పోయిన ఎండాకాలం పోయింది అత్త. నిద్రలో, ఎవరికీ పని పెట్టకుండా. మా అమ్మ బోరున ఏడుద్దామనే వెళ్ళింది. రెండు మాటలు అని, ఆగి, అత్త మొహంలోకి చూస్తూ కూర్చుంది. తర్వాత అడిగితే చెప్పింది: "అలవాటైపోయింది రా. ఎప్పుడూ కాసేపాగే కదా మాట్లాడేది. జవాబిస్తాదేమో అనుకున్యా."

ఆ ఆగడం గురించి చెప్పాలి. అత్తను తెలుసుకోవాలంటే మొదట ఓర్చుకోవలసింది దాన్నే.

ఆమె ధర్మవరం తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. టెలిగ్రాములు లేకుండా పోయాక, వేళ్ళు ఊరికే ఉండలేక, పరీక్ష రాసి హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకుంది. డబ్బుల కోసం కాకుండా సరదాకు రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు హాములు. సర్కారు వాళ్ళకు కొన్ని ఫ్రీక్వెన్సీలు విడిగా ఇచ్చింది. అందులో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వినాలి. అవతలివాళ్ళు నొక్కి మాట్లాడే బటన్ వదిలాక కూడా వెంటనే అందుకోకూడదు, మధ్యలో ఎవరైనా అవసరంగా పిలుస్తారేమోనని ఒక్క క్షణం ఖాళీ వదలాలి. మిగతా హాములు ఈ మర్యాదను రేడియో దగ్గరే వదిలేసి వంటింట్లోకి వెళ్తారు. అత్త దాన్ని కూరగాయల బండి దాకా తెచ్చింది.

బండివాడు వంకాయల ధర చెప్పేవాడు. అత్త ఆగేది. వాడు కంగారుపడి కొంచెం తగ్గించేవాడు. అత్త దానికీ ఆగేది. ఆమె బేరమాడగా మా వీధిలో ఎవరూ వినలేదు. ఆమెకన్నా చవగ్గా వంకాయలు కొన్నవాళ్ళూ లేరు.

ఆమె మేనకోడలికి సంబంధం వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను, మైసూరుపాకు పళ్ళెం నా బాధ్యత. పెళ్ళికొడుకు తండ్రి, మావాడిది పర్మినెంటు ఉద్యోగమమ్మా అన్నాడు. అత్త ఆగింది. "అంటే, కాంట్రాక్టే. పర్మినెంటు చేస్తామన్నారు" అన్నాడు. అత్త ఆగింది. "ఇంకా అనలేదులే. అంటారని మావాని నమ్మకం." అత్త నోరు తెరవకముందే పెద్దాయన కొడుకు అప్పులూ బైకు యాక్సిడెంటూ కూడా చెప్పి తేలికపడ్డాడు. ఆ సంబంధం కుదరలేదు. కానీ ఆయన వెళ్ళేటప్పుడు, ఇంత మనసు విప్పి మాట్లాడుకున్న ఇల్లు ఇంకొకటి లేదని అత్తకు దండం పెట్టి వెళ్ళాడు.

మిద్దె మీద వడియాల పక్కన ఆమె ఏంటెనా ఉండేది. దాని మీద వీధిలో రకరకాల సిద్ధాంతాలుండేవి. మా అవ్వ తన మోకాలి నొప్పికి అదే కారణమని తేల్చింది. ఒకసారి రంగు వేయడానికి అత్త దాన్ని వారం రోజులు దించింది. నొప్పి అట్లే ఉంది. ఏమవ్వా అంటే, "లోపలికి ఎక్కినది అంత తొందరగా దిగుతాదా" అంది అవ్వ. వైజ్ఞానిక చర్చ అక్కడితో ముగిసింది.

రోజూ పొద్దున కాఫీ అయ్యాక అత్త సెట్టు ముందు కూర్చునేది. మొదట తన కాల్ సైన్ చెప్పేది. లైసెన్సుతో పాటు సర్కారు ఇచ్చే పేరు అది, కొన్ని అక్షరాలూ ఒక అంకే. మన దేశపు హాములందరికీ మొదటి రెండక్షరాలూ వి, యు. గాల్లో తప్పుగా వినపడకుండా వాటిని విక్టర్, యూనిఫాం అని పలుకుతారు. మిగతా అక్షరాలు ఇక్కడ రాయను. ఆమె పేరు అనుమతి లేకుండా వాడుకున్నవాళ్ళు ఒకరు చాలు, ఆ కథే చెప్పబోతున్నాను.

అవతల ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఒక పెద్దాయన పలికేవాడు. ఆయనా హామే. అత్త ఆయన్ను అన్నా అని పిలిచేది. ఇద్దరూ వాన గురించి, ఏంటెనాల గురించి, దేశాల మీద దేశాలు దాటి వచ్చిన గొంతుల గురించి మాట్లాడుకునేవారు. చీరల మాట మాత్రం పొరపాటున కూడా వచ్చేది కాదు. హామ్ రేడియోలో వ్యాపారం మాట్లాడకూడదు, అది నిబంధన. మేనకోడలి పెళ్ళికి అత్తకు చీర కావలసి వచ్చింది. నేసేవాడు రోజూ చెవిలోనే ఉన్నాడు. అత్త రైలెక్కి ధర్మవరం పోయి, ఆయన మగ్గం ముందు నిలబడి ధర అడిగి, తిరిగి రైలెక్కి వచ్చింది. ఫోన్ చేసుంటే పోయేది కదత్తా అన్నాను.

ఆమె ఆగి, "అవును రా, ఫోనొకటి ఉండాది కదా" అంది. మరిచిపోయిందో, రైలెక్కాలని బుద్ధి పుట్టిందో ఆ మొహంలో ఏమీ దొరకలేదు.

ఇట్లాంటి మనిషి దగ్గరికి సెట్లు ఓపెన్ చేయించుకోవడానికి జనం వచ్చేవాళ్ళు. హామ్ సెట్టు హాములకిచ్చిన ఫ్రీక్వెన్సీల గీతల మధ్యే పలికేట్టు కంపెనీ కట్టడి చేసి పంపిస్తుంది. లోపల చిన్న మార్పు చేస్తే ఆ కట్టడి ఊడిపోయి, సెట్టు ఎక్కడ పడితే అక్కడ పలుకుతుంది. చిలమత్తూరు నుంచి ఒక గొర్రెల వ్యాపారి వచ్చాడు, బెంగళూరు బండ్లతో మాట్లాడుకోవాలని. ఒక స్కూలాయన వచ్చాడు, బస్సులకు కావాలని. హాము చేతిలో ఉంటే లైసెన్సు ఖర్చు తప్పుతుందని అందరి లెక్క. అత్త వాళ్ళకు కాఫీ ఇచ్చి ఒకటే పాఠం చెప్పేది.

"లైసెన్సు డబ్బాకు ఇయ్యలేదప్పా, నాకిచ్చినారు. నాకు కూడా ఈ గీత నుంచి ఆ గీత దాకానే. గీత అవతల ఉండేది ఇంకొకరి ఇల్లు. వాళ్ళు సర్కారుకు కట్టి తెచ్చుకున్న చానెల్లు ఉంటాయి, ఆంబులెన్సులు ఉంటాయి, రైళ్ళు ఉంటాయి. నా తాళంచెవితో వాళ్ళ తలుపు తీస్తే దాన్ని రిపేరు అనరు."

తర్వాత వరసగా చెప్పేది: సెట్టు జప్తు చేస్తారు, హాము లైసెన్సు రద్దు చేస్తారు, జరిమానా, పరిస్థితి ముదిరితే జైలు. గొర్రెలాయన జైలు దగ్గర కాఫీ కింద పెట్టి, "నాకు ఫోన్లే బాగుండాయి లేమ్మా" అన్నాడు. అందరూ అంత తొందరగా కోలుకోరు. మా బావ కోలుకోలేదు.

మా అక్క మొగుడు బావ. పెనుకొండలో పెళ్ళిళ్ళ వంట కాంట్రాక్టు. మంచి చేయి. ఆయన చేసిన పప్పు తిన్నవాళ్ళు పెళ్ళికూతురు మొహం మరిచిపోతారు గానీ పప్పు మరిచిపోరు. కానీ బావకు వంటవాడనిపించుకోవడం చాలలేదు. బోర్డు మీద ‘ఈవెంట్స్’ అని రాయించాడు. కుర్రాళ్ళకు నల్ల చొక్కాలు కుట్టించాడు. ఇంక చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడే సెట్టు ఒకటి తక్కువైంది.

అత్త ఆయన్నూ కూర్చోబెట్టి పాఠం చెప్పింది. పైగా దారి కూడా చూపించింది. "లైసెన్సు అక్కరలేని చిన్న సెట్లు ఉంటాయప్పా, వాటికని సర్కారు విడిచిపెట్టిన ఫ్రీక్వెన్సీలు ఉండాయి. పొయ్యి కాడి నుంచి పంక్తి దాకా బాగా పలుకుతాయి. ఇంకా దూరం కావాలంటే అర్జీ పెట్టి నీకని చానెల్ తెచ్చుకో." ఫొటో కూడా చూపించింది. ఆ సెట్టు అరచేతిలో పట్టేంత ఉంది, ఏంటెనా చిటికెన వేలంత. బావ మొహం పాలిపోయింది.

"ఇది పట్టుకొని మండపంలో తిరిగితే పిలకాయ బొమ్మతో ఆడుకుంటాండాడు అనుకోరా అత్తా?"

దర్జా ఏంటెనా పొడుగును బట్టి ఉంటుందని బావ విశ్వాసం. బెంగళూరు పోయి, ఒక సందులోని దుకాణంలో పొడుగు ఏంటెనాల హామ్ సెట్లు అరడజను కొని, అక్కడే ఓపెన్ చేయించాడు. ఏ చానెల్లో పెట్టమంటావు అని దుకాణంవాడు అడిగితే, ఖాళీగా ఉండేదాంట్లో అన్నాడట. వాడు ఒకదాన్ని తిప్పి, నిమిషం విని, "ఖాలీ ఇదె" అని, ఖాళీగానే ఉందని కన్నడంలో అన్నాడట. రోడ్డు మీద నిమిషంసేపు బండి రాకపోతే అక్కడ ఇల్లు కట్టుకోవచ్చు అన్నట్టు.

ఇంతవరకూ మామూలు తప్పే, దేశంలో ఎవరైనా చేస్తారు. ఆ తర్వాతది మా బావ మాత్రమే చేయగలిగింది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా పొద్దున గోడ అవతల అత్త గొంతు వినేవాడు. మొదట కాల్ సైన్, తర్వాత మాట, చివర మళ్ళీ కాల్ సైన్. ఇన్నేళ్ళుగా ఇట్లా మాట్లాడుతున్నా ఆమెను ఎవరూ పట్టుకోలేదు. కాబట్టి ఆ అక్షరాల్లోనే ఏదో ఉందని బావకు తట్టింది. అవి ముందు చెప్పుకుంటే మాట చట్టబద్ధం అవుతుంది, పూజకు ముందు సంకల్పం లాగ. కుర్రాళ్ళందరికీ అత్త కాల్ సైన్ కంఠతా పట్టించాడు.

పెళ్ళి ధర్మవరంలో, పట్టు వ్యాపారి ఇంట్లో. మధ్యాహ్నం భోజనాలు. నేను కూడా వెళ్ళాను, అక్క తరఫున, ఆకు తరఫున. నల్ల చొక్కాలవాళ్ళు వరసగా నిలబడి, పొడుగు ఏంటెనాలు మూతి దగ్గర పెట్టుకుని, సీరియస్‌గా అంటున్నారు: "విక్టర్ యూనిఫాం..." అని అత్త పేరు మొత్తం చదివి, "ఆరో పంక్తికి మజ్జిగ." వంటశాల నుంచి జవాబు: "విక్టర్ యూనిఫాం..." మళ్ళీ మొత్తం, "మజ్జిగ వస్తాండాది." మజ్జిగ అసలు వచ్చేసరికి తాంబూలం కూడా అయిపోయేది, మంత్రం అంత పొడుగు. గాడిపొయ్యి దగ్గరున్న ముసలి వంటాయన నన్ను పక్కకు పిలిచి, "ఈ విక్టరనే ఆయన ఎవరప్పా, పెళ్ళికొడుకు తరఫా? అన్నీ ఆయనకే చెప్తాండారు, ఆయన ఒక్కసారి కూడా ఈడికి రాలేదు" అన్నాడు.

బావ మాత్రం మిద్దె మీద నిలబడి, ఒక చేయి నడుము మీద వేసుకుని, యుద్ధం నడిపిస్తున్నాడు. మిద్దె మీదికెక్కితే సిగ్నల్ బాగా పోతుందని ఎవరో చెప్పారు. అది నిజమే. బాగానే పోయింది.

రామగిరి వైపు కొండల మీద అదే సమయానికి ఒక కంపెనీవాళ్ళు గాలిమర నిలబెడుతున్నారు. లారీకి కూడా సరిగ్గా పట్టని రెక్కను క్రేనుతో పైకెత్తుతున్నారు. కింద మనిషి వైర్‌లెస్‌లో చెప్తుంటే పైనున్న డ్రైవరు అంగుళం అంగుళం కదిలిస్తున్నాడు. ఆ చానెల్ వాళ్ళది, సర్కారుకు కట్టి తెచ్చుకున్నది. అందులో ఉన్నట్టుండి కొత్త గొంతు వచ్చి, ఇంగ్లీషు అక్షరాలు చదివి, మజ్జిగ అడిగింది. అక్కడి సూపర్‌వైజరు తెలివైనవాడు. తెలియని గొంతు వస్తే పని ఆపాలన్నది వాళ్ళ పద్ధతి, ఆపేశాడు. రెక్క గాల్లో అట్లే నిలబడింది. కింద మనుషులను దూరం జరిపారు. మా బావ పంక్తుల మీద పంక్తులు వడ్డించి, బంతి లేచి, కిళ్ళీలు పంచేదాకా ఆ రెక్క కిందికీ రాలేదు, పైకీ పోలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గాలి కొంచెం గట్టిగా వీచి ఉంటే ఈ కథను నేను ఈ గొంతుతో చెప్పేవాణ్ణి కాదు.

కంపెనీవాళ్ళు కాల్ సైన్ రాసుకున్నారు. రాసుకోవడానికి కష్టపడలేదు, ప్రతి మజ్జిగకూ రెండుసార్లు వినిపించింది కదా.

కొన్నాళ్ళకు పొద్దున అత్త ఇంటి ముందు జీపు ఆగింది. వైర్‌లెస్ ఆఫీసు నుంచి ఇద్దరు, వాళ్ళకు దారి చూపించడానికి ఒక కానిస్టేబులు. అత్త బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి నాక్కూడా పెట్టింది, కాబట్టి నేను సాక్షిని. వాళ్ళలో పెద్దాయన మర్యాదస్తుడు. కంపెనీ ఫిర్యాదు చెప్పి, ఫలానా రోజు గీత దాటి ఆ చానెల్లో మాట్లాడింది మీరేనా అమ్మా అని అడిగాడు.

అత్త ఆగింది.

"అంటే, మగగొంతని చెప్పినారులెండి" అన్నాడు ఆయన.

అత్త ఆగింది.

"మజ్జిగ గురించట" అన్నాడు, తనే సిగ్గుపడుతూ.

నా నోట్లో ఉగ్గాని ఆగిపోయింది. అత్త నా వైపు చూసింది. జిల్లాలో మజ్జిగ కోసం ఇంత ఏంటెనా ఎత్తగలిగేవాడు ఒక్కడే అని ఇద్దరికీ తెలుసు.

మీ సెట్టు ఓపెన్ చేసి ఉందేమో పరీక్ష చేయాలమ్మా, తీసుకుపోతాం అన్నాడు ఆయన. అట్లా ఉంటే మాత్రం లైసెన్సు రద్దు అవుతుంది, ఈ వయసులో మళ్ళీ... అని ఇంకా ఏదో అనబోయాడు.

"వద్దు" అంది అత్త.

ఆయన మాట పూర్తి కాలేదు. ఆమె ఆగలేదు. నేను పుట్టినప్పటి నుంచి ఆమె ఎవరి మాటకైనా అడ్డం రావడం అదొక్కటే చూశాను. నేను జోకు వేయడానికి సిద్ధంగా పెట్టుకున్న మొహం దించేశాను. ఆ లైసెన్సు కాగితం ఆమె కూర్చునే బల్ల పైన గోడకు ఉండేది. మొగుడు పోయాక, ఉద్యోగం అయిపోయాక, రోజూ పొద్దున ఆమెను పేరు పెట్టి పిలిచే ప్రపంచమంతా దాని మీద ఆధారపడి ఉంది.

తర్వాత ఆమె సర్దుకుని, సెట్టు తీసుకుపోండి అంది. ఫోన్ తీసి మా బావకు చేసింది. "వైర్‌లెస్ ఆఫీసు సార్లు వచ్చిండారు. నువ్వొచ్చి చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

బావ పెనుకొండ నుంచి గంటలో వచ్చాడు. ఒక్కడే రాలేదు. ఖద్దరు చొక్కా వేసుకున్న ఒకాయన్ను తెచ్చాడు, మండలం స్థాయిలో పరపతి ఉందట. ఆయన లోపలికి వస్తూనే, సార్, మనవాడే అన్నాడు. ఎవరికి మనవాడు అని ఆఫీసరు అడిగితే పోయి ఉగ్గాని దగ్గర కూర్చున్నాడు. ఇంతలో మా అక్క ఫోన్లో ఏడుస్తోంది. ఫోన్ స్పీకర్లో పెట్టాం, ఆఫీసర్లు కూడా విన్నారు. నా సంసారం రోడ్డున పడుతుంది, ఆయన జైలుకు పోతే నేను బావిలో దూకుతా అంది. వాళ్ళింట్లో బావి లేదు, ట్యాంకర్ వస్తుంది. అక్కకు ఏడుపులో కూడా పద్ధతి ఉండాలి.

చివరికి ఆమె అసలు సంగతికి వచ్చింది. "అత్తా, మీ పర్మిషన్‌తోనే చేసినాడని ఒక్క మాట చెప్పండత్తా. మీకు లైసెన్సు ఉండాది కదా. మీరు చెప్తే పోతాది."

గదిలో అందరూ అత్త వైపు చూశారు. ఖద్దరాయన కూడా నమలడం ఆపాడు.

అత్త తన ఆగవలసినంత సేపూ ఆగింది. "నాకే లేనిది నేనెట్ల ఇస్తానమ్మా?" అంది నెమ్మదిగా. "ఆ గీత అవతల నాకూ పర్మిషన్ లేదు. నేనిచ్చినానంటే నీ మొగుడు బయటికి రాడు, నేను కూడా లోపలికి పోతాను. ఆ రెక్క కింద మనుషులుండినారమ్మా. ఊరికే ఏడవాకు. నిజం చెప్పేదానికి ఆయనకు ధైర్యం ఇయ్యి."

బావ అంతసేపూ గోడవైపు చూస్తున్నాడు. ఖద్దరాయన్ను బయట కూర్చోమని చెప్పి, కారు డిక్కీలోంచి సెట్ల సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అంతా చెప్పాడు, బెంగళూరు సందుతో సహా. కాల్ సైన్ ఎందుకు వాడినావయ్యా అని ఆఫీసరు అడిగితే, "అది చెప్పుకుంటే మంచిది అనుకున్యా సార్" అన్నాడు. ఆఫీసరు కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. ఆ వాక్యాన్ని సర్కారు భాషలో ఎట్లా రాయాలో ఆయనకు తెలిసినట్టు లేదు.

బావ సెట్లు జప్తయ్యాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి, తనంతట తనే ఒప్పుకున్నాడు కాబట్టి, జరిమానాతో తెగింది. ఎంతో నేను అడగలేదు, కానీ ‘ఈవెంట్స్’ అనే మాట ఆ నెల బోర్డు మీద నుంచి దిగింది. అత్త సంగతే తేలలేదు. సెట్టు వాళ్ళ దగ్గర ఉంది. పరీక్ష అయ్యేదాకా గాల్లో మాట్లాడవద్దన్నారు.

ఆ వారాల్లో పొద్దున కాఫీ అయ్యాక అత్త ఖాళీ బల్ల ముందు కూర్చునేది. మా అవ్వ గోడ మీద నుంచి చూసి, "ఆ డబ్బా లేకపోయినా నా మోకాలు నొస్తానే ఉండాది, దాని తప్పు కాదులే పాపం" అని మొదటిసారి ఏంటెనాను క్షమించింది.

ఒక పొద్దున ధర్మవరం పెద్దాయన రైలు దిగి వచ్చాడు. చేతిలో సంచీ లేదు, పెళ్ళి పిలుపూ లేదు. అత్త ఎదురుగా కూర్చుని, "ఆడ రాత్రి నాలుగు చినుకులు పడినాయి" అన్నాడు. అత్త ఆగి, "ఈడ మబ్బు పట్టి పోయింది" అంది. ఆయన ఆగి, తన ఏంటెనా తీగ కోతి లాగేసిన సంగతి చెప్పాడు. రోజూ రేడియోలో చెప్పుకునే మాటలే. మధ్యలో ఆ ఖాళీలే. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి, ఇద్దరూ ఆగినప్పుడల్లా ఇవ్వాలా వద్దా అని తికమకపడ్డాను. ఇప్పుడు గాల్లో లేరు కదా, చీర ధర మాట్లాడుకోవచ్చు కదా అన్నాను. ఇద్దరూ నన్ను ఒకేసారి చూశారు. గ్లాసులు ఇచ్చి వెళ్ళిపోయాను. ఆయన మూడు నాలుగు రోజులకొకసారి అట్లా వచ్చి వాన కబురు చెప్పి పోయేవాడు.

చివరికి సెట్టు వచ్చింది. ఆ మర్యాదస్తుడే స్వయంగా తెచ్చాడు. లోపల ఎవరూ చేయి పెట్టలేదట. గీత దాటించి బటన్ నొక్కితే ‘టిక్’మని మొరాయిస్తోందట, ఫ్యాక్టరీ నుంచి ఎట్లా వచ్చిందో అట్లే. ఇన్నేళ్ళ సెట్టు ఇంత కదలకుండా ఉండడం నేను చూడలేదమ్మా అన్నాడు. లైసెన్సుకు ఏ ఢోకా లేదని చెప్పాడు. అత్త లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చేటప్పుడు చేతిలో ఉగ్గాని ప్లేటు ఉంది, కళ్ళద్దాలు తుడిచి ఉన్నాయి. ఉల్లిపాయలు అంది. ఆ రోజు ఉగ్గానిలో ఉల్లిపాయ లేదు. నేను ప్లేటు అందుకున్నాను, నాక్కూడా కొన్ని గీతలున్నాయి.

మర్నాడు పొద్దున ఆమె మళ్ళీ గాల్లోకి వచ్చేసరికి ధర్మవరమే కాదు, ఎక్కడెక్కడి గొంతులో కాచుకుని ఉన్నాయి. బావ కూడా వచ్చాడు, కొత్త పంచెలో. అందరి ముందూ క్షమాపణ చెప్తానని రాత్రంతా తయారైన ప్రసంగం. కళ్ళలో నీళ్ళు కూడా సరైన చోట నిలబెట్టుకున్నాడు. మైకు వైపు చేయి చాచాడు. అత్త మైకు వెనక్కి లాక్కుంది.

"నీకు లైసెన్సు లేదు కదప్పా."

"క్షమాపణకు కూడానా అత్తా?"

"దేనికైనా. పరీక్ష రాసి రా. అప్పుడు చెప్పుకుందువు."

బావ ఆ నీళ్ళు అట్లే పట్టుకుని పెనుకొండ పోయాడు. కోపంతో పోయాడనుకున్నాం. వారం తర్వాత పుస్తకాలు కొన్నాడని అక్క చెప్పింది. పగలు పప్పు, సాయంత్రం కెపాసిటర్లు. నల్ల చొక్కాలవాళ్ళు ప్రశ్నలు అడుగుతుంటే గరిటె తిప్పుతూ జవాబులు చెప్పేవాడట. వారానికి రెండుసార్లు అత్త దగ్గరికి వచ్చి పాఠం చెప్పించుకునేవాడు. సర్క్యూట్ల దగ్గర ఒకసారి తప్పాడు. నిబంధనల భాగంలో మాత్రం మొదటిసారే దాదాపు అన్ని మార్కులూ వచ్చాయి. ఆ భాగంలో ప్రాక్టికల్ ముందే అయిపోయింది కదా. తర్వాత లైసెన్సు ఇచ్చే ముందు జరిగే పోలీసు విచారణ నెలలు పట్టింది. విచారణకు వచ్చిన కానిస్టేబులు ఆ ఉగ్గాని రోజు వచ్చినవాడే. ఏమప్పా, ఈసారి లైసెన్సుతోనా అన్నాడట.

ఈలోగా పెళ్ళిళ్ళలో బావ కుర్రాళ్ళ చేతుల్లో అరచేతి సెట్లు వచ్చాయి, చిటికెన వేలంత ఏంటెనాలతో, లైసెన్సు అక్కరలేనివి. ముందు మంత్రం లేకపోవడంతో మజ్జిగ వేళకు వస్తోంది.

బావకు కాల్ సైన్ వచ్చిన మర్నాడు పొద్దున నేను అత్త పక్కనే కూర్చున్నాను. ధర్మవరం పెద్దాయన అప్పటికే గాల్లో ఉన్నాడు. సెట్టు గరగరమంది. పెనుకొండ మిద్దె మీద నుంచి బావ గొంతు వచ్చింది. ప్రసంగం ఏదీ లేదు, మరిచిపోయినట్టున్నాడు.

"అత్తా, నేను. ఆ పొద్దు నేను చేసింది తప్పత్తా. నీ పేరు పెట్టుకొని నా యాపారం చేసుకున్యా. నీ లైసెన్సు పోయింటే ఏమయ్యేదో నేను ఆలోచన చేయలేదు. నన్ను మన్నించు."

అత్త ఆగింది. ధర్మవరం కూడా ఆగింది. అత్త బటన్ నొక్కి, తన కాల్ సైన్ మొత్తం చెప్పి, అంది:

"ఎవరో స్టేషన్ పిలుస్తాండారు. కాల్ సైన్ చెప్పలేదు. ఎవరప్పా మాట్లాడేది?"

సెట్టు మళ్ళీ గరగరమంది. తర్వాత బావ గొంతు సవరించుకున్నాడు. ఒక్కొక్క అక్షరమే, తడుముకుంటూ, విక్టర్ నుంచి చివరి దాకా, తన సొంతవి చెప్పాడు. ఆ తర్వాత క్షమాపణ మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు, ఒక్క మాట తగ్గించకుండా.

అత్త ఈసారి కూడా ఎంత ఆగాలో అంతా ఆగింది.

"ఇప్పుడు వినపడింది నాయనా" అంది.